నవల కోసం సాయం: ఇటుక బట్టీలో పాప చనిపోతే సోషల్ వర్కర్ ఎంత దూరం వెళ్లగలదు?

గోదావరిఖని పిల్ల (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఏడాదిన్నర నుంచి ఒక మిస్టరీ నవల రాస్తున్నాను. పదకొండు అధ్యాయాలు అయ్యాయి, పన్నెండోది నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ కొట్టేశాను. ఈ పనుల్లో ఉన్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్తారని అడుగుతున్నా.

కథ ఇదీ. పెద్దపల్లి దగ్గర ఒక ఇటుక బట్టీ. ఒడిశాలో బలంగీర్ జిల్లా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబం. అమ్మ, నాన్న, ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లారేసరికి పాప బట్టీ నీళ్ల గుంటలో తేలింది. నిద్రలో లేచి చీకట్లో బయటికి పోయి జారిపడిందని అందరిదీ ఒకే మాట. ఆ పొద్దుటే వాగు ఒడ్డున పూడ్చేశారు, పోలీసులకి ఎవరూ చెప్పలేదు. పది రోజుల తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫోన్ చేసి రెండు మాటలు చెప్పి పెట్టేస్తారు. ఆ కాల్ పట్టుకుని వెళ్లే అమ్మాయే నా హీరోయిన్, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు సోషల్ వర్కర్.

ఈ కథే ఎందుకంటే, మాది గోదావరిఖని. చిన్నప్పుడు పెద్దపల్లి పోతుంటే మా బస్సు ఒకసారి బట్టీల దగ్గర పంక్చరయింది, టైరు మార్చేదాకా అందరం దిగి నిల్చున్నాం. అక్కడ మా చెల్లెలంత పాప గొంతుక్కూర్చుని పచ్చి ఇటుకలు తిప్పుతోంది. ఒక పక్క ఆరాక రెండో పక్క ఎండకి పెట్టాలి కదా, రెండు చేతులూ కిందకి పోనిచ్చి, విరక్కుండా మెల్లగా లేపి, పక్కకి నిలబెట్టి, కూర్చున్న పళంగా ఒక జానెడు ముందుకి జరిగి మళ్లీ ఇంకొకటి. మేమున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆ పాప ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది, అందుకే రాస్తున్నా.

నా ఇబ్బంది ఏంటంటే, చదివిన ఫ్రెండ్ "నీ హీరోయిన్ ఒంటి మీద ఖాకీ ఒక్కటే తక్కువ" అంది. నిజమే, పన్నెండో అధ్యాయంలో ఆమె బట్టీ ఓనర్‌ని కూర్చోబెట్టి ప్రశ్నలేస్తుంది, మేస్త్రి లెక్కల పుస్తకం స్వాధీనం చేసుకుంటుంది, వీఆర్వోని పిలిచి గదమాయిస్తుంది. ఇందులో ఏది చేయగలదు, ఏది చేయలేదు? అసలు ఏ అధికారంతో ఆ బట్టీలోకి అడుగు పెడుతుంది?

ఇంకొకటి. నేను అనుకున్న క్లూ ఒక అరచేతి ముద్ర. ఆ రాత్రి కోసిన పచ్చి ఇటుకల వరసలో ఒక ఇటుక మీద పాప చెయ్యి అచ్చుపడి ఉంటుంది. పాప గుడిసెలో నిద్రపోతోందన్న మాట అబద్ధమని దాంతో తేలాలి. ఇది నిలబడుతుందా?

పేరు లేని ఫీల్డ్ డైరీ:

చెల్లీ, నేను ఆ ఉద్యోగం తొమ్మిదేళ్లు చేసి మానేశాను. ఏ జిల్లానో చెప్పను. నీ ప్రశ్న చూశాక పాత డైరీలు దించి కూర్చున్నా, కాబట్టి ఇది కాస్త పొడుగవుతుంది.

ముందు కఠినమైన మాట. చనిపోయిన పాప విషయంలో నీ హీరోయిన్‌కి దర్యాప్తు చేసే అధికారం లేదు. ఆ పని పోలీసులది. పుస్తకం స్వాధీనం చేసుకోలేదు, ఓనర్‌ని కూర్చోబెట్టలేదు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు, అంతే. గేటు దగ్గర "మిమ్మల్ని ఎవరు పంపిన్రు మేడం?" అని అడిగితే ఆమె దగ్గర ఒక్క జవాబు ఉండాలి. ఆ జవాబు బతికున్న ఆ ఏడేళ్ల బాబు. నువ్వు అతన్ని ఊరికే కుటుంబంలో ఒకడిగా రాసుకున్నావు కానీ నీ కథకి తాళంచెవి వాడే.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆ బాబు సంరక్షణ అవసరమైన పిల్లాడు. పనిలో ఉన్నాడు, బడి లేదు, చెల్లెలు అనుమానాస్పదంగా పోయింది. బాలల సంక్షేమ సమితి, అంటే మేం సీడబ్ల్యూసీ అనేది, చైర్‌పర్సన్‌తో కలిపి ఐదుగురు ఉంటారు, వాళ్లకి మేజిస్ట్రేట్ అధికారాలు ఉంటాయి. వాళ్లు ఈ పిల్లాడి మీద సామాజిక విచారణ చేసి రిపోర్టు ఇమ్మని రాస్తే, అది పదిహేను రోజుల్లో పూర్తి చేయాలి. ఇక ఆమె గుడిసెకి వెళ్లొచ్చు, అమ్మతో మాట్లాడొచ్చు, పక్క గుడిసెల వాళ్లని అడగొచ్చు. అడిగేది మాత్రం బాబు గురించి. పాప గురించి సూటిగా ఒక్క ప్రశ్నా వేయకుండా పాప గురించి తెలుసుకోవాలి. పోలీసు కథల్లో దొరకని టెన్షన్ నీకు ఇక్కడ దొరుకుతుంది. పైగా పదిహేను రోజుల గడువు, దానికి తోడు వానలు మొదలయ్యేలోపు బట్టీలు ఆపేసి వీళ్లంతా ఊళ్లకి వెళ్లిపోతారన్న తొందర.

ఆ ఫారంలో కుటుంబ సభ్యుల పట్టిక ఒకటి ఉంటుంది. పేరు, వయసు, సంబంధం, చదువు, ఆరోగ్యం. నేను ఇలాంటి ఒక గుడిసెలోనే ఆ పట్టిక నింపాను. పచ్చి ఇటుకలు పేర్చి పైన ప్లాస్టిక్ కవరు కప్పిన గుడిసె, వంగితే తప్ప లోపలికి పోలేం, నిలబడితే తల తగులుతుంది. పిల్లల వయసెంత అని అడిగితే ఆ తల్లి నువాఖాయ్‌లు లెక్కపెట్టింది. కొత్త వడ్ల పండగ అది, వాళ్లకి మన సంక్రాంతి అంత. పెద్దవాడికి ఏడు వేళ్లు చూపించింది. తర్వాత నాలుగు వేళ్లు చూపించి, అవి మడవలేక అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆ గడిలో ఏం రాయాలో నాకు తోచలేదు.

ఇంకో సంగతి, నీ కథలో ఒడియా మాటల్ని తెలుగులో ఎవరు చెప్తున్నారు? హీరోయిన్‌కి ఒడియా వచ్చని రాశావా? అలా రాయొద్దు, మాలో ఎవరికీ రాదు. బట్టీలో రెండు భాషలూ వచ్చేది సర్దార్‌కి, అంటే వాళ్లని అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చినవాడికి. లేదా వాడి మనిషికి. ఆ రోజు నాకు తెలుగులోకి మార్చి చెప్పింది సర్దార్ బామ్మర్ది. తల్లి రెండు నిమిషాలు మాట్లాడింది, మధ్యలో చెయ్యి నడుము దగ్గర పెట్టి ఏదో చూపించింది, గొంతు పూడుకుపోయింది. వాడు నా వైపు తిరిగి "ఏం లేదంట మేడం, బాగనే ఉన్నరంట" అన్నాడు. నేను అది రాసుకున్నాను కూడా. బయటికొచ్చి బండి స్టార్ట్ చేశాక గానీ రెండు నిమిషాల మాట అంత చిన్నగా ఎలా అయిందని నాకు తట్టలేదు. మర్నాడు వేరే మనిషిని తీసుకెళ్లేసరికి ఆ కుటుంబాన్ని ఇంకో బట్టీకి మార్చేశారు.

చివరగా, మమ్మల్ని చూస్తే తల్లులు భయపడతారు. పిల్లల్ని తీసుకెళ్లి హోమ్‌లో పెడతారని వాళ్లకి ముందే చెప్పి ఉంచుతారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, సీడబ్ల్యూసీ కావాలంటే పెట్టగలదు. నీ హీరోయిన్ ఎంత మంచిదైనా ఆ తల్లికి ఆమె రెండో బిడ్డని తీసుకుపోవడానికి వచ్చిన మనిషే. తల్లి నోరు ఎందుకు విప్పదు అన్నదానికి బెదిరింపు ఒక్కటే కారణమని రాస్తే సగమే రాసినట్టు.

కుమ్మరి చక్రం:

మాది కుమ్మరి ఇల్లు, నేను చేసేది వేరే ఉద్యోగం గానీ మట్టి సంగతి తెలుసు. చేతి ముద్ర క్లూ బాగుంది, నిలబడుతుంది, కాకపోతే సరిగ్గా వాడండి. అచ్చు లేపిన కొద్ది గంటల్లో మట్టి మెత్తగా ఉన్నప్పుడే అరచెయ్యి లోతుగా దిగుతుంది, గీతలతో సహా. ఒక పూట ఎండ తగిలాక తోలులా గట్టిపడుతుంది, అప్పుడు ఎంత నొక్కినా వేళ్ల కొసలు కొద్దిగా పడితే పడతాయి. కాబట్టి లోతైన ముద్ర ఉందంటే ఆ ఇటుక కోసిన పూటే పాప దాన్ని తాకింది. ఏ రోజు కోసిన వరసో మేస్త్రి పుస్తకంలో తెలుస్తుంది, వెయ్యి ఇటుకలకి ఇంత అని కూలీ కాబట్టి ఏ కుటుంబం ఏ రోజు ఎన్ని కోసిందో తప్పకుండా రాసుకుంటారు.

కానీ ఒక చిక్కుంది. వరసలు నేల మీద ఉన్నంతవరకే ఏది ఏ రోజుదో చెప్పగలం. ఆరాక లేపి గూళ్లుగా పేరుస్తారు, ఆ తర్వాత బట్టీకి ఎక్కిస్తారు, అప్పుడు అన్నీ కలిసిపోతాయి. మీ హీరోయిన్ పది రోజుల తర్వాత వస్తోంది కదా, ఆ వరస అప్పటికి నేల మీద ఉండదు. ఆ ఇటుకని ముందే ఎవరో తీసి దాచి ఉండాలి. నన్నడిగితే అన్న దాస్తాడు. దాచుకున్నది చెల్లెలి చెయ్యి అని, అంతే తప్ప అది సాక్ష్యమని వాడికి తెలియక్కర్లేదు. పచ్చి ఇటుక నీళ్లు తగిలితే కరిగిపోతుంది కాబట్టి వాడు దాన్ని వంట పొయ్యి పక్కన పెడతాడు, అక్కడ అది రోజూ కాస్త కాస్త కాలుతుంది.

ఫోరెన్సిక్ డెస్క్:

ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ మెడిసిన్ చెప్తాను. పాప నీళ్లలో పడకముందే చనిపోయిందనేదే మీ రహస్యమైతే కొన్ని విషయాలు సరిచూసుకోండి. నవలల్లో "ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు, కాబట్టి హత్య" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, మాకు అంత సులువుగా ఎప్పుడూ తేలదు. ముక్కు, నోటి దగ్గర తెల్లని నురగ, ఉబ్బిన ఊపిరితిత్తులు, కడుపులో బురద నీళ్లు, ఇవన్నీ తాజా శవంలో చూసి, మిగతా కారణాలు లేవని నిర్ధారించుకుని, అప్పుడు మునక అంటాం.

మీ కథలో పాపని పూడ్చేశారు. చిన్నపిల్లల్ని దహనం చేయకుండా పూడ్చే ఆచారం ఉండటం మీ కథకి కలిసొచ్చింది, లేకపోతే ఏమీ మిగిలేది కాదు. తహసీల్దార్ సమక్షంలో తవ్వి తీస్తాం, చాలాసార్లు అక్కడే టెంటు వేసి పోస్టుమార్టం చేస్తాం. రెండు మూడు వారాలకి నురగ ఉండదు, కమిలిన మచ్చలు నమ్మడానికి ఉండదు. ఎముకలు మాత్రం ఉంటాయి. నీళ్లలో డయాటమ్స్ అని సూక్ష్మమైన నాచు జీవులుంటాయి, బతికుండగా మునిగితే అవి రక్తంతో పాటు ఎముక మూలుగ దాకా వెళ్తాయి. తొడ ఎముక తీసి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపుతాం. అయితే గుంట నీటి శాంపిల్ కూడా విడిగా సీసాలో వెళ్లాలి. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. గుంటని ఓనర్ ఈలోపే పూడ్పించేశాడనుకోండి, మీ పదిహేనో అధ్యాయం దొరికినట్టే. అలాగే డయాటమ్స్ దొరకనంత మాత్రాన మునగలేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పలేం, అది మిగతా వాటికి బలం ఇస్తుంది, అంతే.

ఇంకొకటి, గొంతు నులిమితే కంఠం దగ్గరి హయాయిడ్ ఎముక విరుగుతుందని అందరూ రాస్తారు. నాలుగేళ్ల పిల్లల్లో అది చాలావరకు మృదులాస్థి, వంగుతుంది గానీ విరగడం అరుదు. ఆ దారి వదిలేయండి. బట్టీ అంటే నాకు మొదట తోచేది ట్రాక్టర్. తెల్లవారుజామున మూడింటికి లైటు సరిగా లేనిచోట మట్టి ట్రాలీ రివర్స్ చేస్తుంటే గొంతుక్కూర్చున్న పిల్ల డ్రైవర్‌కి కనపడదు. అలా జరిగితే పక్కటెముకలు, నడుము కింది కటి ఎముక విరుగుతాయి, అవి నెలల తర్వాత తవ్వినా కనిపిస్తాయి. నీళ్లలో జారిపడిన పాపకి కటి ఎముక ఎందుకు విరిగింది అనే ప్రశ్న మీ కథకి చాలు.

పైన ఫీల్డ్ డైరీ గారు రాసిన తల్లి నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించిందన్న మాట చదివి కాసేపు ముందుకి పోలేకపోయాను.

పాత స్టేషన్ రైటర్:

ఏఎస్సైగా రిటైరయ్యాను, ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గానే చేశాను. అమ్మా, ముందు ఒక చిన్న సవరణ. తెలంగాణలో వీఆర్వో వ్యవస్థ 2020లో రద్దయింది. మీ కథ ఆ తర్వాతదైతే పంచాయతీ కార్యదర్శిని పెట్టుకోండి. ఊళ్లో అసహజ మరణం జరిగితే తెలియజేయాల్సిన బాధ్యత ఊరి ఉద్యోగులకి చట్టంలో పాత రోజుల నుంచీ ఉంది. కార్యదర్శి మీ హీరోయిన్ ముందు తడబడటానికి అది చాలు, ఆమె గదమాయించాల్సిన పని లేదు.

పోలీసుల దారి ఇలా ఉంటుంది. సీడబ్ల్యూసీ నుంచి కాగితం వస్తే అనుమానాస్పద మృతి కింద కేసు కడతాం. 2024 జూలై 1కి ముందైతే పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో 174, తర్వాతైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 194. కథ ఏ ఏడాదిలో జరుగుతోందో ఖాయం చేసుకుని సెక్షన్ రాయండి, ఇక్కడ తప్పు పోతే మా లాంటివాళ్లు పుస్తకం అక్కడే మూసేస్తారు. శవాన్ని తీసి పంచనామా, పోస్టుమార్టం అయి, ఎముకల సంగతి రాగానే సెక్షన్ ఆల్టర్ చేస్తాం. నిర్లక్ష్యంతో మరణానికి కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 106, సాక్ష్యం మాయం చేసినందుకు 238. డాక్టర్ గారు చెప్పిన ట్రాక్టరే అయితే మీ కథలో హంతకుడు అనేవాడు లేడు. ఒక డ్రైవర్ ఉన్నాడు, శవాన్ని గుంటలో వేయమన్నవాడు ఉన్నాడు, చూసి ఊరుకున్నవాళ్లు ఉన్నారు. మా దృష్టిలో ఆ రెండోవాడి కేసే గట్టి కేసు.

పిల్లాడిని స్టేషన్‌కి పిలిపించినట్టు రాయకండి. పదిహేనేళ్లలోపు వాళ్లని సాక్షిగా స్టేషన్‌కి రమ్మనకూడదు, మేమే వాళ్లున్న చోటికి పోవాలి, మఫ్టీలో పోవాలి. చిన్నవాడైనా అడిగింది అర్థమై జవాబు చెప్పగలిగితే కోర్టు వాడి మాట వింటుంది, ఇంత వయసుండాలని నియమం లేదు.

ఇంకో మాట. నవలల్లో ఎస్సై ఎప్పుడూ ఓనర్ దగ్గర డబ్బు తిన్నవాడే ఉంటాడు. అలాంటివాళ్లు లేరని అనను. కానీ నేను చూసిన చాలా కేసుల్లో జరిగింది వేరు. తండ్రే చేతులు జోడించి "చిన్నపిల్ల సార్, కోయొద్దు సార్" అని ఏడుస్తాడు. వినే మనిషికి కూడా ఇంట్లో పిల్లలుంటారు. సరే పోనీ అనుకుంటాడు. ఆ సరే పోనీ వల్ల ఎన్ని పోయాయో నాకు తెలుసు, అందులో నా చేత్తో రాసినవీ ఉన్నాయి.

ఇచ్ఛాపురం వాసి:

మా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రెండూ పుట్టినప్పటి నుంచీ మాట్లాడతాం. భాష గురించి రెండు ముక్కలు. మీ హీరోయిన్ రెండోసారి ఒడియా తెలిసిన మనిషిని తీసుకెళ్లినా పని పూర్తిగా అవకపోవచ్చు. బలంగీర్, నువాపడా వైపు వాళ్లు మాట్లాడేది సంబల్పురి, మా వైపు ఒడియాకి చాలా తేడా. నేను హైదరాబాద్ శివార్లలో ఒకసారి అలాంటి కుటుంబంతో మాట్లాడితే వాళ్లు నన్ను "బాబూ" అని గౌరవంగా పిలుస్తూ నాకర్థమయ్యే నాలుగు మాటలే మాట్లాడారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు వేరే వేగం, వేరే మాటలు. బట్టీల దగ్గర కొన్నిచోట్ల ఒడియా మీడియం వర్క్‌సైట్ స్కూళ్లు నడిచాయి, వాటిల్లో పాఠం చెప్పడానికి ఆ జిల్లాల నుంచే వచ్చిన కుర్రవాళ్లెవరైనా దొరకొచ్చు. సర్దార్‌కి సంబంధం లేని నోరు మీకు అక్కడే దొరుకుతుంది.

రెండోది, పాప పొట్ట మీద కాల్చిన మచ్చలు ఉండేవని ఎవరో చెప్తే హీరోయిన్ వెంటనే తల్లిదండ్రుల్ని అనుమానించేలా రాసుకోవచ్చు. కానీ ఆ వైపు పల్లెల్లో పసిపిల్లలకి కడుపు ఉబ్బినా జ్వరం వచ్చినా ఇనుము కాల్చి వాత పెట్టడం ఇంకా ఉంది. మన పల్లెల్లో పసిరికలకి వాతలు పెట్టేవాళ్లు కదా, అలాంటిదే. ప్రమాదమే, తప్పే, కానీ పెట్టిన నాయనమ్మ పిల్ల బతకాలనే పెట్టింది. మీ హీరోయిన్ ఈ ఒక్క చోట పొరబడి, ఆ పొరపాటు రిపోర్టులోకి ఎక్కి, ఓనర్ లాయర్ దాన్నే పట్టుకుని తల్లిదండ్రులే హింసించారని వాదిస్తే? ఆమె మంచితనమే ఆ తల్లి మెడకి చుట్టుకుంటుంది.

గోదావరిఖని పిల్ల:

నిన్న రాత్రి నుంచి ఇవన్నీ మూడుసార్లు చదివాను. ఏం చెప్పాలో తెలియట్లేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. డాక్టర్ గారూ, ట్రాక్టర్ సంగతి నేను ఎక్కడా రాయలేదు, మీరే చెప్పేశారు. నా ముగింపు అదే. పాఠకులు కూడా అంత త్వరగా కనిపెట్టేస్తారేమోనని ఇప్పుడు భయమేస్తోంది.

పన్నెండో అధ్యాయం మొత్తం తీసేస్తున్నా. ఓనర్‌ని ప్రశ్నించే సీను ఇక లేదు. దాని బదులు గుడిసెలో ఫారం నింపే సీను. అక్కా, ఆ వేళ్ల సంగతి నేను వాడుకోవచ్చా? వద్దంటే వాడను.

ఒక్క సందేహం మిగిలింది. ఆ రాత్రి ఏం జరిగిందో ఎవరు చెప్తారు చివరికి? తల్లా, అన్నా?

పేరు లేని ఫీల్డ్ డైరీ:

వాడుకో చెల్లీ. ఆ తల్లి కోసం నేనేం చేయలేకపోయాను, కథలోనైనా ఆ నాలుగు వేళ్లు ఉండనీ.

అన్న చెప్పాలంటే చెప్పించు, కానీ అడగడం ఎలాగో జాగ్రత్త. "ట్రాక్టర్ వచ్చిందా?" అని అడిగితే వాడు అవునంటాడు, "రాలేదు కదా?" అంటే రాలేదంటాడు. పెద్దవాళ్లకి ఏం కావాలో చూసి అదే చెప్తారు పిల్లలు. ఐదుగురు ఐదుసార్లు అడిగితే ఆరో కథ తయారవుతుంది, అప్పుడు కోర్టులో అదీ నిలవదు. ఒక్కసారే, ఒక్క మనిషే, "ఆ రోజు ఏం జరిగింది, నీకు గుర్తున్నది చెప్పు" అని వదిలేయాలి. వాడు మొదట ఇటుకల గురించి చెప్తాడు, కుక్కపిల్ల గురించి చెప్తాడు. వినాలి.

మా ఎమ్మెస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో, విక్టోరియా క్లింబీ కేసు చెప్పారు. ఐవరీ కోస్ట్ నుంచి బాగా చదివిస్తామని బంధువు లండన్ తీసుకొచ్చిన పాప, ఎనిమిదేళ్లు, 2000 ఫిబ్రవరిలో చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. ఆసుపత్రి, పోలీసులు, సోషల్ వర్కర్లు అందరూ ఆ పాపని చూశారు. ఒక డాక్టర్ గజ్జి అన్నారు, మిగతావాళ్లు ఫైల్లో అదే రాసుకున్నారు. కాపాడగలిగిన సందర్భాలు కనీసం పన్నెండు చేజారాయని 2003లో లార్డ్ లామింగ్ రిపోర్టు తేల్చింది. ఆ పాప మాట్లాడేది ఫ్రెంచ్. పాపతో విడిగా, పాప భాషలో, తీరిగ్గా కూర్చుని మాట్లాడిన మనిషి లేకుండా పోయారు. నేను అది పరీక్ష కోసం బట్టీపట్టి రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆరేళ్ల తర్వాత సర్దార్ బామ్మర్దిని పక్కన కూర్చోబెట్టుకుని అదే పని చేశాను.

ఇంకొకటి చూసుకో. రిపోర్టుల్లో, పేపర్లో పాప పేరు, బాబు పేరు బయటపెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్. అందుకని పాప అందరికీ "మైనర్ బాలిక" అయిపోతుంది. నీ నవలలో మాత్రం పేరు పెట్టు. పదకొండు అధ్యాయాలు అయ్యాయన్నావు, ఇంతవరకు నువ్వు ఆ పాపని పాప అనే అంటున్నావు.

కుమ్మరి చక్రం:

అవును, నేనూ అదే అడుగుదామనుకున్నా. ఆ ఇటుక మీద ముద్ర ఎడమ చెయ్యా, కుడి చెయ్యా? ఇటుక తిప్పేటప్పుడు రెండు చేతులూ కింద ఉంటాయి, అరచెయ్యి పైన పడదు. పైన పడిందంటే పాప పని చేస్తూ తాకలేదు, ఆడుకుంటూ కావాలనే అద్దింది. అది రాసుకోండి.

గోదావరిఖని పిల్ల:

ఎడమ చెయ్యి. ఇప్పుడే తేలింది. పేరు కూడా పెట్టాను, మొదటి అధ్యాయం మొదటి లైన్లోనే వస్తుంది.